దరఖాస్తు ఫారమ్‌లో బటన్ స్థానాన్నీ పరీక్షించాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ప్రవేశాలైనా, ఉపకార వేతనాలైనా, ఉద్యోగ ప్రకటనలైనా, ధ్రువపత్రాలైనా, ఇవాళ ఏ దరఖాస్తు అయినా చివరకు తెరమీది ఒక బటన్ దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో విద్యార్థి తన ఆప్షన్లను సేవ్ చేయాలన్నా, ఫ్రీజ్ చేయాలన్నా నొక్కవలసింది బటనే. సర్వర్ మొరాయించిందనీ, గడువు పొడిగించారనీ పత్రికల్లో తరచుగా చదువుతుంటాం గానీ, ఆ బటన్‌ను పేజీ కోడ్‌లో ఎక్కడ, ఏ ట్యాగ్ (పేజీలోని ఒక్కో భాగాన్ని గుర్తించే సంకేతం) లోపల పెట్టారన్న సంగతి ఎక్కడా చర్చకు రాదు. పాలిటెక్నిక్ విద్యార్థులకు వెబ్ పేజీల తయారీ బోధించే అధ్యాపకుడిగా ఈ విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. బటన్ తెరమీద ఎక్కడ కనిపిస్తోందన్నది ఒక విషయం, వెబ్ పేజీలను రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో ఎక్కడ ఉందన్నది మరొక విషయం. నింపిన వివరాలు సరిగ్గా చేరతాయా లేదా అన్నది ఎక్కువగా ఈ రెండోదాని మీదే ఆధారపడుతుంది. అందుచేత ప్రజలు వాడే ప్రతి ఫారమ్‌లోనూ దాన్ని విడుదలకు ముందే పరీక్షించి తీరాలన్నది నా విన్నపం.

వెబ్‌లో ఫారమ్ కొత్తగా వచ్చింది కాదు. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలోనే ఫారమ్ ట్యాగూ, సబ్మిట్, రీసెట్ బటన్లూ ఉన్నాయి. 1999 డిసెంబరు నాటి 4.01 ప్రమాణం తన కఠిన రూపంలో ఒక షరతు పెట్టింది. ఫారమ్ ట్యాగ్ లోపల బటన్‌ను గానీ, వివరాలు నింపే గడిని గానీ నేరుగా పెట్టకూడదు, వాటిని ఒక పేరాగ్రాఫ్‌లోనో, డివ్ అనే సాధారణ పెట్టెలోనో, గడులను ఒక గుంపుగా చేర్చే ఫీల్డ్‌సెట్‌లోనో ఉంచాలి. పేజీ తెరమీద చక్కగా కనిపిస్తున్నా ఈ షరతు పాటించకపోతే, కోడ్ ప్రమాణానికి తగినట్టు ఉందో లేదో సరిచూసే వాలిడేటర్ అనే సాధనం తప్పు చూపేది. బ్రౌజర్ సంస్థలు కలిసి నిర్వహిస్తున్న, 2019లో వెబ్ ప్రమాణాల సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం కూడా అంగీకరించిన నేటి ప్రమాణంలో ఆ షరతు లేదు. వాక్యంలో ఒక పదం ఉండగలిగిన చోటల్లా బటన్ కూడా ఉండవచ్చు. అయినా ఆ పాత నియమం ఒక మంచి అలవాటు నేర్పిందని నేను నమ్ముతాను, ఏ గడులు ఏ బటన్‌కు సంబంధించినవో ముందే ఆలోచించి ఒకచోట చేర్చవలసి వచ్చేది.

నియమాలు సడలినా కొన్ని నిషేధాలు ఇప్పటికీ ఉన్నాయి. ఫారమ్ లోపల మరో ఫారమ్ ఉండకూడదు. లింకు లోపల బటన్, బటన్ లోపల లింకు ఉండకూడదు. టేబుల్ ట్యాగ్‌కూ, దాని వరసలకూ మధ్య ఫారమ్ ట్యాగ్‌ను దూర్చకూడదు. వీటిలో చివరిదాన్ని కాస్త వివరించాలి, ఎందుకంటే మన దగ్గర విద్యార్థుల రికార్డు పుస్తకాల్లో నేను తరచుగా చూసే తప్పు అదే. ఎడమ సెల్‌లో పేరు, కుడి సెల్‌లో గడి, అన్నిటికంటే కింది వరసలో సబ్మిట్, రీసెట్ పక్కపక్కన ఉండే పద్ధతిలో ఫారమ్‌ను టేబుల్‌లో అమర్చడం ఎప్పటినుంచో వస్తోంది. టేబుల్ మొత్తం ఫారమ్ లోపల ఉన్నా, ఫారమ్ మొత్తం ఒక్క సెల్ లోపల ఉన్నా హెచ్‌టీఎంఎల్‌కు అభ్యంతరం లేదు. ముందు టేబుల్ తెరిచి, ఆ తరువాత ఫారమ్ తెరిచి, ఆపైన వరసలు రాస్తేనే చిక్కు వస్తుంది.

అప్పుడు బ్రౌజర్ చేసేది ఇది. ఫారమ్ ట్యాగ్ అక్కడ ఉండకూడదు కాబట్టి దాన్ని తెరిచిన వెంటనే మూసేసి, లోపల ఏమీ లేని ఖాళీ ఫారమ్‌గా టేబుల్‌లో వదిలేస్తుంది. అయితే ఆ ఫారమ్‌ను గుర్తుపెట్టుకుని, తరువాత చదివిన గడులనూ బటన్లనూ దానికే చెందినవిగా లెక్కవేస్తుంది. అందువల్ల మొదటి పరీక్షలో అంతా బాగానే పనిచేస్తుంది, రాసినవారికి తప్పు చేశామన్న అనుమానం కూడా రాదు. కానీ అదే పేజీలో కుటుంబ సభ్యుల వివరాలకు ‘మరో వరస చేర్చు’ అనే సదుపాయం ఉందనుకుందాం. దరఖాస్తుదారు దాన్ని నొక్కినప్పుడు పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ కొత్త వరసను, అందులో కొత్త గడులను చేరుస్తుంది. ఆ గడులను చుట్టుకుని ఏ ఫారమూ లేదు, పేజీని మొదటిసారి చదివినప్పటి గుర్తు వాటికి వర్తించదు, కాబట్టి అవి ఏ ఫారమ్‌కూ చెందవు. సబ్మిట్ నొక్కితే మొదటి వరసలోని పేరు వెళుతుంది, తరువాత చేర్చిన పేర్లు వెళ్లవు. తెరమీద ఎర్ర అక్షరాల్లో ఏ హెచ్చరికా రాదు. ఆ కుటుంబంలో ఇద్దరు పిల్లల పేర్లు నమోదు కాలేదన్న సంగతి ఎన్నో రోజుల తరువాత కార్యాలయంలో తెలిస్తే, తప్పు నింపిన తల్లిదండ్రుల మీదకో, నెట్ సెంటర్ నడిపే యువకుడి మీదకో పోతుంది.

ఫారమ్ లోపల ఫారమ్ పెట్టినా ఇలాంటి నష్టమే జరుగుతుంది. పెద్ద దరఖాస్తు మధ్యలో ఓటీపీ సరిచూడడానికి ఒక చిన్న ఫారమ్ చేర్చాలన్న ఆలోచన ఎవరికైనా సహజంగానే వస్తుంది. బ్రౌజర్ ఆ లోపలి ఫారమ్ ఆరంభ ట్యాగ్‌ను పట్టించుకోదు గానీ, దాని ముగింపు ట్యాగ్‌ను మాత్రం పెద్ద ఫారమ్ ముగింపుగా తీసుకుంటుంది. చాలా సందర్భాల్లో అక్కడి నుంచి కిందికి ఉన్న గడులూ, అన్నిటికంటే చివర ఉన్న సబ్మిట్ బటనూ ఫారమ్ బయట పడిపోతాయి. ఎన్నిసార్లు నొక్కినా ఆ బటన్ కదలదు. ఇందుకు నేటి ప్రమాణంలోనే తేలికైన దారి ఉంది. బటన్ ట్యాగ్‌లో ఫారమ్ అనే అట్రిబ్యూట్ (అదనపు వివరం) ఇచ్చి, అందులో ఫలానా ఫారమ్ ఐడీ, అంటే దాని గుర్తింపు పేరు రాస్తే, ఆ బటన్ పేజీలో ఎక్కడున్నా ఆ ఫారమ్‌కే చెందుతుంది. రెండు ఫారమ్‌లను పక్కపక్కన రాసుకుని, తెరమీద ఎలా కావాలో అలా, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌తో అమర్చుకోవచ్చు.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ, అతి తక్కువమంది ఎరిగినదీ ఎంటర్ కీ సంగతి. గడిలో వివరం టైప్ చేసి ఎంటర్ నొక్కితే, ఆ ఫారమ్‌కు చెందిన సబ్మిట్ బటన్లలో కోడ్ వరసలో మొదట వచ్చేదాన్ని నొక్కినట్టుగా బ్రౌజర్ భావిస్తుంది. పెద్ద బటన్ ఏది, ఆకుపచ్చ రంగు దేనికి వేశారు, కుడివైపు ఏది ఉంది అన్నవి దానికి లెక్క కాదు. మూడు నాలుగు పేజీలుగా సాగే దరఖాస్తుల్లో అడుగున ‘వెనుకకు’, ‘ముందుకు’ అని రెండు బటన్లు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ‘వెనుకకు’ను మొదట రాస్తారు. రెండూ సబ్మిట్ రకానివే అయితే, పిన్‌కోడ్ టైప్ చేసి ఎంటర్ నొక్కిన మనిషి వెనుక పేజీకి వెళ్లిపోతాడు, ఆ పేజీలో నింపినవి పోవచ్చు కూడా. గడుల మధ్యలో ‘ఫొటో తొలగించు’ అనే బటన్ ఉంటే, చిరునామా గడిలో ఎంటర్ నొక్కినందుకు ఫొటో పోతుంది. ఏం జరిగిందో ఆ మనిషికి అర్థం కాదు, తాను ఫొటో జోలికే పోలేదు కదా. కంప్యూటర్ మీద రోజంతా పనిచేసే నెట్ సెంటర్ వారికి ఎంటర్ నొక్కడం చేతి అలవాటు. స్మార్ట్‌ఫోన్ కీబోర్డులోని ‘గో’ మీట కూడా ఇదే పని చేస్తుంది.

దీనికి తోడు మరొక నియమం ఉంది. బటన్ ట్యాగ్‌కు టైప్ అని ఏమీ రాయకపోతే, ఫారమ్‌కు చెందినంతవరకూ దాన్ని సబ్మిట్‌గానే తీసుకోవాలని ప్రమాణం చెబుతోంది. ‘పాస్‌వర్డ్ చూపు’, ‘ఓటీపీ పంపు’, ‘మరో వరస చేర్చు’ వంటివన్నీ టైప్ రాయకుండా పెడితే, వాటిలో ఏది నొక్కినా సగం నింపిన దరఖాస్తు పంపబడే ప్రమాదం ఉంటుంది. దరఖాస్తును పంపని ప్రతి బటన్‌కూ టైప్ దగ్గర బటన్ అని రాయడం ఒక్క పదం పని. అలా రాసినప్పుడు అది ఎంటర్ కీ లెక్కలోకి రాదు, ఏ గడి పక్కనైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మా ప్రయోగశాలలో టైప్ లేని బటన్‌కు నేను మార్కులు వేయను, విద్యార్థులు మొదట్లో నొచ్చుకున్నా కారణం చూపించాక వారే ఇతరుల కోడ్‌లో దాన్ని పట్టుకుంటున్నారు.

రీసెట్ బటన్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అది వెబ్ వాడేవారికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని వెబ్ వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. పేజీ నిండా వివరాలు నింపిన తరువాత ఒక్క నొక్కుతో అన్నీ తుడిచేయాలని ఎవరూ కోరుకోరు. సబ్మిట్ పక్కన దాన్ని తప్పనిసరిగా రాయించే పాఠం మన తరగతి గదుల నుంచి పోవాలి.

కోడ్ వరసకూ తెరమీది వరసకూ తేడా వస్తే ఏమవుతుందో ఇప్పుడు చెప్పాలి. ఎంటర్ కీ కోసం ‘ముందుకు’ను కోడ్‌లో మొదట రాసి, సీఎస్‌ఎస్‌తో దాన్ని కుడివైపుకు జరిపేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. పనిచేస్తుంది కూడా. కానీ ట్యాబ్ కీతో కదిలేవారికి ముందు కుడివైపు బటన్, తరువాత ఎడమవైపు బటన్ తగులుతాయి, చూపుకూ చేతికీ పొంతన ఉండదు. నా మట్టుకు నేను ఆ దారిని సమర్థించను. ‘వెనుకకు’ను పంపని బటన్‌గానో, వట్టి లింకుగానో మార్చి, రెండు వరసలూ ఒకటిగా ఉంచడమే మంచిది.

చూపు లేనివారికి కోడ్ వరసే పేజీ. తెరమీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్ పేజీని కోడ్‌లో ఉన్న క్రమంలోనే చదువుతుంది, తెలుగులో కూడా చదవగలదు. అందులో బి అక్షరం నొక్కితే తరువాతి బటన్‌కు, ఎఫ్ నొక్కితే తరువాతి గడికి వెళ్లవచ్చు. సబ్మిట్ బటన్ తరువాత ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే టిక్కు గడి వస్తే, ఆ గడి ఉందన్న సంగతే తెలియకుండా వారు బటన్ దగ్గరకు చేరతారు. బటన్ ట్యాగ్ బదులు డివ్‌కు రంగు వేసి, మౌస్ క్లిక్‌కు మాత్రమే కోడ్ రాస్తే పరిస్థితి ఇంకా ఘోరం. దాన్ని స్క్రీన్ రీడర్ బటన్ అని చెప్పదు, ట్యాబ్ కీకి అందదు, ఎంటర్‌కు పలకదు. చూసేవారికి మాత్రం అది నిగనిగలాడే బటనే. చదువుకుని, ఉద్యోగానికి అన్ని అర్హతలూ సంపాదించుకున్న అంధ యువతి దరఖాస్తు పంపడానికి మరొకరి చేతికి తన పాస్‌వర్డ్ ఇవ్వవలసి రావడం ఆమె లోపం కాదు, ఆ పేజీ రాసినవారి లోపం.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ సమాచార సాంకేతిక సేవలు అందరికీ అందేలా చూడవలసిన బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు మొదట 2009లో, మూడో రూపంలో 2023లో వచ్చాయి. ఇదే విషయంపై ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. యాసిడ్ దాడి బాధితులూ, చూపు లేనివారూ వేసిన పిటిషన్లపై 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. వెబ్ పేజీలు దివ్యాంగులకూ అందేలా అంతర్జాతీయంగా వాడే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో మరొక నియమం మన విద్యార్థులకు నేరుగా వర్తిస్తుంది. చట్టపరంగానో, ఆర్థికంగానో కట్టుబాటు తెచ్చిపెట్టే పేజీల్లో, పరీక్ష జవాబులు పంపే పేజీల్లో, పంపినదాన్ని వెనక్కి తీసుకునే వీలైనా, తప్పులు సరిచూసి దిద్దుకునే వీలైనా, పంపేముందు మరోసారి చూసి ఖాయపరచే వీలైనా ఉండాలన్నది ఆ నియమం. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే బటన్ వంటి వాటిని ఆ దృష్టితోనే చూడాలి.

ఫోన్ల విషయానికి వస్తే, 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కే చోటు కనీసం 24 సీఎస్‌ఎస్ పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి, లేదా పక్కవాటికి తగినంత దూరంలో ఉండాలి. తెర అడుగున ఎప్పుడూ కనిపించేలా అతికించిన బటన్ పట్టీ కింది గడిని కప్పేయకూడదు. ఆ పట్టీ కోడ్‌లో ఫారమ్ బయట ఉంటే, నేను పైన చెప్పిన ఫారమ్ అట్రిబ్యూట్‌తో కలపాలి.

బటన్ ఉండవలసిన చోట లింకు పెట్టినా కీడే. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాధనం, పేజీలు త్వరగా తెరుచుకోవాలని అందులోని లింకులను తానే ముందుగా తెరిచి ఉంచేది. ‘తొలగించు’ అన్నదాన్ని వట్టి లింకుగా రాసిన వెబ్ అప్లికేషన్లలో, మనిషి నొక్కకుండానే వివరాలు తొలగిపోయాయి. సమాచారాన్ని మార్చే పని ఫారమ్ లోపలి బటన్‌తో, పేజీని వట్టిగా తెరవడం కాక వివరాలను సర్వర్‌కు పంపే పోస్ట్ పద్ధతిలోనే జరగాలన్న నియమం ఎంత అవసరమో అప్పుడు చాలామంది వెబ్ రచయితలకు అనుభవంలోకి వచ్చింది.

బ్రౌజర్లే తప్పులు దిద్దుకుంటున్నప్పుడు ఇంత కచ్చితత్వం దేనికని అడిగేవారు ఉన్నారు. వారి వాదనలో కొంత బలం ఉంది. తప్పు కోడ్‌ను ఎలా చదవాలో కూడా హెచ్‌టీఎంఎల్ 5 నిర్దేశించింది కాబట్టి, ఇప్పుడు అన్ని బ్రౌజర్లూ ఒకే తీరుగా సర్దుకుంటాయి. డబ్ల్యూసీఏజీ 2.2 నుంచి ట్యాగుల శుద్ధతకు సంబంధించిన 4.1.1 నియమాన్ని తొలగించడానికి కారణం కూడా ఇదే. కానీ అందరూ ఒకే తీరుగా సర్దుతారంటే, పేజీ రాసినవారి ఉద్దేశానికి తగ్గట్టు సర్దుతారని కాదు. ఖాళీ అయిపోయిన ఫారమ్ అన్ని బ్రౌజర్లలోనూ ఖాళీదే, బయటపడ్డ బటన్ అన్నిటిలోనూ బయటే ఉంటుంది. మరోవైపు, వాలిడేటర్ ఒక్కటే చాలదన్న మాట కూడా నిజాయితీగా చెప్పాలి. టేబుల్‌లో దూరిన ఫారమ్‌ను, ఫారమ్‌లో ఫారమ్‌ను, లింకులో బటన్‌ను అది పట్టిస్తుంది. ‘ముందుకు’ కంటే ‘వెనుకకు’ ముందున్నదని గానీ, ధ్రువీకరణ గడి బటన్ తరువాత వచ్చిందని గానీ అది చెప్పలేదు, ఎందుకంటే ఆ రెండూ చెల్లుబాటయ్యే హెచ్‌టీఎంఎల్లే. వాటిని మనిషే కూర్చుని చూడాలి.

ఆ పరీక్షకు ఖర్చేమీ లేదు. పేజీని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వాలిడేటర్‌కు ఇచ్చి ఫారమ్‌కు, బటన్‌కు సంబంధించిన తప్పులన్నీ తీసేయాలి. తరువాత మౌస్ పక్కనపెట్టి, ట్యాబ్, ఎంటర్, స్పేస్ కీలతోనే దరఖాస్తును మొదటి నుంచి చివరిదాకా నింపాలి. ప్రతి గడిలోనూ ఎంటర్ నొక్కి ఏ బటన్ పలుకుతోందో రాసుకోవాలి. వరసలు చేర్చే సదుపాయం ఉంటే రెండు మూడు వరసలు చేర్చి, పంపిన తరువాత అన్నీ అందాయో లేదో సర్వర్ వైపు చూడాలి. చివరగా, స్క్రీన్ రీడర్ రోజూ వాడే ఒక అంధ వ్యక్తికి తగిన పారితోషికం ఇచ్చి ఆ పేజీని నింపించాలి. మొత్తం కలిపి ఒక పూట పని.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ దరఖాస్తులు తయారుచేయించే శాఖలూ, విశ్వవిద్యాలయాలూ, నియామక సంస్థలూ తమ టెండరు పత్రాల్లో ఈ పరీక్షలను షరతుగా చేర్చాలని, వాటి నివేదిక అందిన తరువాతనే చివరి బిల్లు చెల్లించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ నివేదికను దరఖాస్తు తెరుచుకునే రోజునే అదే వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంచాలి. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల్లో వెబ్ ప్రయోగ పరీక్ష పెట్టే అధ్యాపక మిత్రులు, పేజీ ఎలా కనిపిస్తోందన్న దానితో పాటు మౌస్ లేకుండా ఫారమ్ వెళుతోందా అన్నదానికి కూడా మార్కులు కేటాయించాలి. ప్రవేశాల ప్రకటనలు వెలువడే ముందే మీ విద్యా పేజీలో దీనిపై ఒక వివరమైన వ్యాసం ప్రచురిస్తే, అందుకు కావలసిన ఉదాహరణ కోడ్‌ను రాసి పంపడానికి నేనూ, మా విద్యార్థులూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
వెబ్ డిజైన్ అధ్యాపకుడు,
కాకినాడ.